ఆరున్నరకొచ్చే హిల్డమ్మ

కెమ్నిట్జ్‌ల చదువుకున్న తెలుగు పిల్లల్ని ఎవర్నన్న అడుగుండ్రి, ఐదో నంబర్ కింద పనికి పోతవా అని. మొఖం మాడిపోతది.

ఊరవతల ఒక సూపుల ఫ్యాక్టరీ ఉంది. పేరెందుకు లెండి. జర్మన్ రానోళ్లు, వచ్చిందని సీవీల రాసుకున్నోళ్లు, అందరు అండ్ల సాయంత్రం షిఫ్టు చేస్తరు. పైన ఎనిమిది పెద్ద పెద్ద స్టీలు కెటిళ్లు. ఒక్కోదాంట్ల ఒక పెండ్లికి సరిపోయేంత సూపు. వాటి కింద నేలమాళిగ లెక్క పొడుగు గది, నిండ పైపులే. ఆ గదిల ఐదో నంబర్ కెటిల్ కింద... అక్కడ ఉంటది హిల్డమ్మ.

హిల్డ అని ఒకామె ఎన్కట, తూర్పు జర్మనీ ఉన్నప్పుడు, ఆ కెటిల్ల పడి చచ్చిపోయిందట. ఏ సూపుల పడ్డదో గూడ చెప్తరు మనోళ్లు. ఒకడు బఠాణీ సూపు అంటడు, ఒకడు ఆలుగడ్డ సూపు అంటడు. దీని మీద రెండు బ్యాచుల నడుమ లొల్లి గూడ అయింది. ఆమె అసలు ఉన్నదా అని మాత్రం ఎవడూ అడగలే. అందరూ మాస్టర్స్ చేసేటోళ్లే.

మన దిక్కు దెయ్యం అంటే తెల్ల చీర, ఇరబోసుకున్న జుట్టు. హిల్డమ్మది అట్ల నడవది. తిండి సామాను చేసే ఫ్యాక్టరీ గదా, చచ్చినా సరే నెత్తికి నెట్ పెట్టుకునే రావాలె. పెట్టుకునే వస్తదట.

ఇంకోటి, మన దెయ్యాలకు టైము పాడు ఉండది. అమాస అంటయి, పున్నానికి వస్తయి. హిల్డమ్మ జర్మన్ మనిషి. గురువారం సాయంత్రం ఆరున్నర. ఒక్క నిమిషం ముందు గాదు, ఒక్క నిమిషం ఎనుక గాదు. ఇక్కడ రైళ్లన్న ఆలస్యమైతయి గని ఆమె కాదు.

సాయంత్రం ఆరున్నరకు దెయ్యమేంది అంటరేమో. డిసెంబర్ల ఒక్కసారి కెమ్నిట్జ్ వచ్చి చూడుండ్రి. నాలుగింటికే లైట్లు ఏస్తరు. ఆరున్నర అంటే మన లెక్కల నడిరాత్రే.

ముందుగాల పైపుల ఒక దగ్గు ఇనవస్తది. తర్వాత టక్... టక్... లోపటి నుంచి ఎవరో కొడ్తున్నట్టు. అటెన్క మెడ మీద వేడి ఊపిరి. అప్పటిదాక చలికి గడగడ వణికే గదిల చెమటలు పడ్తయి. ఇగ ఆమె ఎవర్నన్న ముడ్తది.

ముట్టుడు అంటే ఏంది? విక్రాంత్ అని నా జూనియర్ ఒకడుండె. వాని మోచెయ్యి మీద అరచెయ్యంత బొబ్బ లేసింది. జూన్ నెలల ఎండకు అందరు చెడ్డీల మీద తిరుగుతుంటే వాడు నిండు చేతుల చొక్కా ఏసుకొని తిరిగిండు. ఎందుకురా అంటే స్టైల్ అన్నడు. ఒక పిల్లకు చెవి కింద కాలింది. ఆమె పేరు చెప్ప, ఇప్పుడు పెండ్లయింది. అందరూ ఒకటే మాట — హిల్డమ్మ ముట్టింది.

ఆ ఫ్యాక్టరీల గోడకు ఒక పుస్తకం ఏలాడుతుంటది. ఫెర్బాండ్‌బూఖ్ అంటరు. వేలు తెగినా, చెయ్యి కాలినా దాంట్ల రాయాలె, ఏ రోజు, ఎన్నిగంటలకు, ఎక్కడ అని. జర్మనోళ్లు కాగితం గీసుకొని చర్మం లేసినా నాలుగు లైన్లు రాస్తరు. ఆ పుస్తకంల తెలుగు పేరు ఒక్కటి లేకుండె. అది చదివినోడెవడన్న తెలుగోళ్లకు చర్మమే వేరనుకుంటడు.

ఎందుకు రాయలే అంటే, రాస్తే పని పోతదట. పని పోతే వీసా పోతదట. ఎవరు చెప్పిండ్రు? సీనియర్లు చెప్పిండ్రు. సీనియర్లకు ఎవరు చెప్పిండ్రు? వాళ్ల సీనియర్లు. గందుకే కాలినోడు ఇంటికి పోయి టూత్‌పేస్టు రాసుకొని, నోరు మూసుకొని పండేటోడు. దెయ్యం మీద ఏ పుస్తకంల రాస్తం చెప్పుండ్రి. హిల్డమ్మ మస్తు సౌలత్ మనిషి.

ఇగ ఇస్సాకు సంగతికొస్త.

ఇస్సాకుది చీరాల. తండ్రి పాస్టరు. ఇరవై మూడుల అక్టోబర్ నెలల వచ్చిండు, చదువుల మంచోడు, దెయ్యాల్ని నమ్మడు. టోలిచౌకి అతిఫ్, కరీంనగర్ చంద్రిక, ఈ పిల్లగాడు, ముగ్గురు ఒకటే ఫ్లాట్ల ఉండేటోళ్లు. అతిఫ్ అప్పటికే సీనియరు, ఆ సూపుల ఫ్యాక్టరీల రెండేండ్ల నుంచి చేస్తున్నడు. ఇస్సాకును పనిల పెట్టిచ్చింది అతనే. ఇదంత నాకు తర్వాత అతిఫ్ చెప్పిందే.

మొదటిరోజు పద్నాలుగు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటరు. పని కాడ జాగ్రత్తల గురించి. చదివేటోడు ఉండడు. అతిఫ్ వేలు పెట్టి చూపిచ్చిండు, ఈడ, ఈడ, ఈడ. ఆఖరి లైన్ల "పైన రాసిందంత నాకు అర్థమైంది" అని ఉంటది. ఆ లైను గూడ అర్థం గాకుండనే సంతకం పెడ్తరు. ఇస్సాకు గూడ పెట్టిండు.

అసలు పాఠం అతిఫ్ బట్టలు మార్చుకునే గదిల చెప్పిండు, మెల్లగ.

"చూడు ఇస్సాకూ, మిగతా రోజులు ఏం పరేషాన్ లేదు. గురువారం జర హుషారుగ ఉండాలె. ఏడున్నరకు పైపులు కడిగే మిషిన్ షురూ అయితది. ఏడున్నర లోపల బయటికి రా."

"అంత తొందరగా ఎందుకన్నా కడగడం?"

"శుక్రవారం పాలు కలపని సూపు చేస్తరు. పాలు పడనోళ్లకు. అందుకే గురువారమే పైపులన్ని సాఫ్ జేస్తరు. మామూలు రోజులైతే మనం పోయినంక, పదింటికి."

ఆ కడిగేది ఉత్త నీళ్లతోని గాదు. ఎనభై డిగ్రీల వేడి నీళ్లు, అండ్ల కాస్టిక్ సోడా. మురికినే గాదు, చర్మాన్ని గూడ కడుగుతది.

"మరి హిల్డమ్మ?" అన్నడు ఇస్సాకు, నవ్వుకుంట.

అతిఫ్ నవ్వలే. "ఆరున్నరకు వస్తది. మిషిన్‌కు ఇంక గంట టైముంటది గదా, మరి అప్పుడు పైపుల ఎవరుంటరు? నువ్వే చెప్పు." బూట్లు ఏసుకుంట మళ్ల అన్నడు. "వస్తే ఉరకొద్దు. ఉరికితే ఎంటపడ్తది. ఉన్నకాడ నిలబడు, కండ్లు మూసుకో. పోతది."

అంటే పాఠంల రెండు ముక్కలు. ఏడున్నర లోపల బయటికి రా. ఆరున్నరకు ఆమె వస్తే కదలకు. గింత సక్కటి పాఠం ఏ యూనివర్సిటీల చెప్తరు.

డిసెంబర్ల ఒక గురువారం. అతిఫ్‌కు పరీక్ష ఉండె, పనికి రాలే. ఫోర్మెన్ హెర్ బోట్చర్ నాలుగింటికే కోటు ఏసుకొని ఇంటికి పోయిండు. ఆయన టైమంటే టైమే, ఆయన పోయినంక లోకం మునిగినా అది రేపటి పని. కింది గదిల ఇస్సాకు ఒక్కడే.

పని ఏందంటే, ఐదో నంబర్ పైపుకు కింద ఒక జల్లెడ డబ్బా ఉంటది. దాని మూత ఇప్పి, లోపల జల్లెడ తీసి, ఇరుక్కున్న క్యారెట్ ముక్కలు, ఉల్లి పొట్టు కడగాలె. అట్ల ఇప్పినప్పుడు పైపు మూతి తెరిచే ఉంటది. మనిషి మోకాలంత ఎత్తుల ఉంటది.

ఇస్సాకు రబ్బరు బూట్లు ఏసుకున్నడు. ప్యాంటు కాళ్లు బూట్ల లోపటికి దోపుకున్నడు, తడవొద్దని. ఊర్ల బురదల దిగేటప్పుడు అట్లనే చేస్తం గదా. ఆ పద్నాలుగు పేజీలల్ల ప్యాంటు బూటు మీదికి ఉండాలె, లోపటికి గాదు అని బొమ్మ ఏసి మరీ చూపిచ్చిండ్రట. బొమ్మ అర్థంగానికి జర్మన్ ఎందుకు... పేజీ తిప్పితే గదా.

ఫోన్‌ల టైము చూసుకున్నడు. ఆరూ ఇరవై తొమ్మిది. నవ్వొచ్చిందట. హిల్డమ్మకు ఇంకొక్క నిమిషం అనుకున్నడట.

నీళ్ల పైపు బంద్ చేసిండు. గది అంత సప్పుడు లేకుండయ్యింది.

పైపు దగ్గింది.

ఇస్సాకు చెయ్యి జల్లెడ మీదనే ఆగింది. ఏదో గాలి అనుకున్నడు. మళ్ల దగ్గింది... ఈసారి దగ్గర్నుంచి. తర్వాత టక్. టక్. టక్. గోడ పొడుగునా, ఒకటో నంబర్ కాడ నుంచి, రెండో నంబర్... మూడు... ఎవరో నడుచుకుంట వస్తున్నట్టు.

మెడ మీద వెచ్చగ తగిలింది.

అది పైపు అని తెలిసుంటే ఉరికేటోడే. ఇంజినీరు గదా, పైపుల సప్పుడొస్తే ఏదో వస్తున్నదని చిన్న పిల్లగానికి గూడ ఎరుకే. గని వానికి చెప్పింది పైపు గురించి గాదు, హిల్డమ్మ గురించి. ఉరికితే ఎంటపడ్తదని చెప్పిండ్రు. తలుపు ఆరడుగుల దూరంల ఉంది. ఇస్సాకు చెప్పినట్టే ఇన్నడు. నిలబడ్డడు. కండ్లు మూసుకున్నడు. దెయ్యాల్ని నమ్మనోడు, ప్రార్థన మొదలువెట్టిండు.

ఆమెన్ దాక పోలే.

తెరిచిన మూతి నుంచి ఒక్కసారి వచ్చింది. ప్యాంటు మీద, మోకాలి కింద. ప్యాంటు బూట్ల లోపలికి ఉంది గాబట్టి అంత సక్కగ బూటు లోపటికే దిగింది. ఎడమ కాలు. బూటు నిండిపోయింది. బయటికి పోయే తొవ్వ లేదు దానికి. ఇస్సాకు అప్పుడు ఉరికిండు. తలుపు దాటి, మెట్లెక్కి, పైన కూలబడి బూటు గుంజిండు. రాలే. కాలు లోపల అప్పటికే ఉబ్బింది. గుంజి గుంజి తీసేసరికి రెండు నిమిషాలు పట్టింది. సాక్సుతోని ఏం వచ్చిందో నేను చెప్ప.

పక్కనే పంపు ఉంది. గట్టిగ అరిస్తే ప్యాకింగ్ కాడ నలుగురు జర్మనోళ్లు ఉన్నరు. గోడకు ఎర్ర గుండీ ఉంది, నొక్కితే అంబులెన్స్ వస్తది. ఇస్సాకు ఇవేవీ చెయ్యలే. ఎందుకంటే మంగళవారం వాని వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. వచ్చినప్పటి నుంచి తిప్పలు పడితే దొరికిన టెర్మిన్. కాలిందని ఎక్కడన్న రాస్తే అది పోతదని వాని నమ్మకం. ఒక బకెట్ నీళ్లు పోసుకొని, ఇంకో సాక్స్ తొడుక్కొని, ట్రామ్ ఎక్కి ఇంటికొచ్చిండు.

ఇంట్ల అతిఫ్ చూసిండు. మొఖం చూసి అడిగిండు, "వచ్చిందా?"

"వచ్చిందన్నా."

అతిఫ్ బాత్రూంలకు పోయిండు. టూత్‌పేస్టు తెచ్చిండు. తర్వాత తన చొక్కా మెల్లగ లేపి నడుము మీద మచ్చ చూపిచ్చిండు. "నాకు గూడ. మానిపోతది తియ్."

మానలే. శుక్రవారం జ్వరం. శనివారం దుప్పటి కప్పుకొని, తలుపు గడియ పెట్టుకున్నడు. చంద్రిక అడిగితే "ఏం లేదు చంద్రికా, కొంచెం జలుబు చేసింది" అన్నడు. మంగళవారం దాక ఓపిక పడ్తే సాలు అనుకున్నడు. బుధవారం ఏమైనా సరే అనుకున్నడు.

ఆదివారం పొద్దున చంద్రికకు వాసన వచ్చింది. వంటింట్ల చెత్త డబ్బా చూసింది, ఫ్రిజ్ చూసింది. వాసన ఇస్సాకు తలుపు కాడ నుంచి వస్తున్నది. తలుపు కొట్టింది. తియ్యకపోతే పోలీసోళ్లను పిలుస్త అన్నది. తీసిండు. దుప్పటి లేపి కాలు చూసింది. ఫోన్ తీసి అంబులెన్స్‌ను పిలిచింది.

"చంద్రికా, నీకు దండం పెడతా. మంగళవారం టెర్మిన్..." అన్నడు ఇస్సాకు.

"కాలు లేకపోతే టెర్మిన్‌కు ఎట్ల పోతవ్ రా," అన్నది.

ఆసుపత్రి ఎమర్జెన్సీల కౌంటర్ కాడ ఒక పెద్దామె, కంప్యూటర్ ముందల కూసున్నది. ఇస్సాకును లోపటికి తీస్కపోయిండ్రు. చంద్రిక, అతిఫ్ బయట నిలబడ్డరు. అతిఫ్ ఇంకా చెప్తనే ఉన్నడు, ఇంట్ల చాయ్ ఒలికిందని చెప్పు అని. చంద్రిక ఇనలే. ఫ్యాక్టరీల కాలిందని, వేడి సోడా నీళ్లని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెకు జర్మన్ మంచిగ వస్తది. కోర్సుకు డబ్బులు కట్టి, నిజంగ క్లాసుకు పోయిన మనిషి.

కౌంటర్ ఆమె అడిగింది, ఏ రోజు, ఎన్నిగంటలకు.

చంద్రిక అతిఫ్ దిక్కు తిరిగింది. "ఎన్నిగంటలకు కాలింది?"

"ఆరున్నరకు. గురువారం."

"డోనర్స్‌టాగ్, హాల్బ్ జీబెన్," అన్నది చంద్రిక కౌంటర్ ఆమెతోని.

అతిఫ్ ఆమె చెయ్యి పట్టి ఆపిండు. "తప్పు చెప్తున్నవ్. ఆరున్నర అని చెప్పు. హాల్బ్ జీబెన్ అంటే ఏడున్నర."

"కాదన్నా. హాల్బ్ జీబెన్ అంటే ఆరున్నరే."

"హాల్బ్ అంటే సగం. జీబెన్ అంటే ఏడు. ఏడున్నర గదా."

"మనకట్ల. ఆరు దాటి సగమైతే మనం ఆరున్నర అంటం. వీళ్లు ఏడుకు సగం దూరంల ఉన్నమంటరు. అది మొదటి నెల క్లాసుల్నే చెప్తరన్నా."

కౌంటర్ ఆమె అప్పటికే కొట్టేసింది. స్క్రీన్ మీద 18:30 అని ఉంది. అతిఫ్ దాన్నే చూసుకుంట నిలబడ్డడట.

హెర్ బోట్చర్ ఏం దాచలే. గురువారం, హాల్బ్ జీబెన్, బయటికి రావాలె అని మొదట్లనే మనోళ్లకు చెప్పిండు. మిషిన్ సరిగ్గ ఆరున్నరకు మొదలైతది. మనోళ్లు ఏడున్నర అనుకున్నరు. ఆ గంట ఖాళీ గదా, ఆ ఖాళీల ఒక ఆడమనిషిని చంపి, సూపుల పడేసి, నెత్తికి నెట్ పెట్టి నిలబెట్టిండ్రు. ఆ పద్నాలుగు పేజీలల్ల ఆరో పేజీల గూడ 18:30 అనే ఉందట, లావు అక్షరాలల్ల.

ఇస్సాకుకు తొడ నుంచి చర్మం తీసి పాదం మీద ఏసిండ్రు. రెండు వేళ్లు తీసేసిండ్రు. అదే గురువారం రాత్రే పంపు కింద పెట్టి, ఆసుపత్రికి వచ్చుంటే వేళ్లు ఉండేటియని డాక్టర్ చెప్పిందట. వైద్యం పైసలు పని ప్రమాదాల బీమా వాళ్లే పెట్టుకున్నరు. టెర్మిన్ ఏం పోలే. ఆసుపత్రి చీటీ చూపిస్తే ఇంకో తారీకు ఇచ్చిండ్రు, తొందరగ బాగుపడాలని గూడ అన్నరట. పని గూడ పోలే. గన్నేండ్ల భయం, ఒక్కటంటే ఒక్కటి నిజం గాలే.

బీమా వాళ్లు ఫ్యాక్టరీకొచ్చి కింది గది చూసిండ్రు. తలుపుకు సెన్సర్ ఉందట. లోపట మనిషుంటే మిషిన్ నడవొద్దు. పనికి అడ్డమొస్తుందని ఎవరో దాన్ని టేపుతోని చుట్టేసిండ్రు. అది మాత్రం మనోళ్ల పని గాదు. ఆ టేపు జర్మనోళ్లది, మస్తు నీటుగ చుట్టిండ్రు. రెండు రోజులల్ల టేపు తీసిండ్రు, కొత్త తాళం ఏసిండ్రు. అప్పటి నుంచి హిల్డమ్మ రాలే. ఒక్క ఫారం నింపితే పోయే దెయ్యం.

ఆ వారమే అతిఫ్ నాకు ఫోన్ చేసిండు. నేను అప్పటికే వోల్ఫ్స్‌బర్గ్‌ల ఉన్న. కార్ల సాఫ్ట్‌వేర్ పని, బ్లూ కార్డు వీసా. ఇప్పుడు మీకు చెప్పినదంత అతను అప్పుడు చెప్పిందే. చెప్పుకుంట నడుమ నడుమ ఏడ్చిండు. హాల్బ్ జీబెన్ సంగతి చెప్పినప్పుడు నేను "అవునా?" అన్న. మస్తు ఆశ్చర్యపడ్డట్టు.

నాకు అది ముందే తెలుసు. ఇరవై ఒకట్ల, ఈడ ఉద్యోగంల చేరిన కొత్తల, మా మేనేజర్ మీటింగ్ హాల్బ్ నోయిన్‌కు, అంటే ఎనిమిదిన్నరకు, అన్నది. నేను తొమ్మిదిన్నరకు పోయిన. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఇంటికొస్తుంటే బస్సుల ఆ కింది గది యాదికొచ్చింది. ఫోన్ చేతుల్నే ఉంది. విక్రాంత్ నంబర్ ఉంది. చేస్తే అన్నేండ్లు తప్పు చెప్పిననని ఒప్పుకోవాలె గదా. రేపు చేద్దాం అనుకున్న. రెండేండ్లు అయింది.

"దశరథ్ అన్నా," అన్నడు అతిఫ్. "నేను విక్రాంత్‌ను అడిగిన. ఏడున్నర అని, ఉరకొద్దని, అంత వానికి నువ్వే చెప్పినవట."

"అవును," అన్న.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నాకు ముందున్న సీనియర్."

"పేరేంది?"

"యాదిలేదు అతిఫ్."

అతను నమ్మిండు. "ఆయనకు ఎట్లన్న జేసి చెప్పన్నా. పాపం, ఆయనకు గూడ తెల్వదు గావచ్చు."

చెప్త అన్న. ఫోన్ పెట్టేసిన.

నాకంటే ముందు ఆ ఫ్యాక్టరీల తెలుగోడు ఎవడూ పనిచెయ్యలే. హెర్ బోట్చర్ ఆ టైము చెప్పింది నాకు. మొదటి గురువారం ఉరికి, జారిపడి, చెయ్యి కాల్చుకున్నది నేను. ఏమైందన్నా అని విక్రాంత్ అడిగితే, పని చాతగాక కాల్చుకున్నడంటరని సిగ్గయ్యింది. ఎదురుంగ ఒక బకెట్ ఉండె. దాని మీద ఎవరో పని మనిషి తన పేరు రాసుకుంది. అది చదివి, ఆమె ముట్టింది అని చెప్పిన.